ఉమ్మడి కుటుంబాన్ని కూల్చిందెవరు? నవలల్లో దొరికే లెక్కలు

మొన్న మా హేతువాద మిత్రుల సమావేశంలో ఒక పెద్దాయన టీ తాగుతూ ఒక మాటన్నారు. ఆయన పక్కా నాస్తికుడు. జాతకాలనీ వాస్తునీ జన్మలో నమ్మలేదు. “ఉమ్మడి కుటుంబాలు పోయాయండీ, వాటితోపాటే మనుషుల్లో మంచీ పోయింది. ఇంగ్లీషు చదువులొచ్చాయి, ఆడవాళ్లు సర్దుకుపోవడం మానేశారు, అంతే!” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లందరూ తలలూపారు. సత్యయుగం ఉండేదని పురాణం చెబితే ఋజువేదని అడుగుతాం. అదే సత్యయుగం మా తాతగారింట్లో ఉండేదని ఎవరైనా అంటే మాత్రం మనకి అడగబుద్ధి కాదు.

ఈ నమ్మకం మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆలోచించాను. చాలావరకు కథల నుంచే. శరత్ నవలలు చక్రపాణిగారి తెలుగులో చదివాం. శరత్ ‘నిష్కృతి’ ఆధారంగా తీసిన ‘తోడికోడళ్లు’ (1957) చూశాం, ఆ పదేళ్లకి ‘ఉమ్మడి కుటుంబం’ (1967) చూశాం. చివర్లో అందరూ కలిసి భోజనానికి కూచుంటే కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాం. నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై అయిదేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితం చేతికొస్తే ‘ఎవరు మంజూరు చేశారు, ఏ పద్దు కింద రాశారు, వోచరు ఏదీ’ అని చూడటమే నా అలవాటు. రిటైరయ్యాక ఈ ఉమ్మడి కుటుంబపు నవలలన్నీ అదే కంటితో మళ్లీ చదివాను. కళ్లనీళ్లు పెట్టించే ఘట్టాల వెనక ప్రతిచోటా ఒక లెక్కల తగాదా కనిపించింది.

ముందు చట్టం సంగతి కాస్త చెప్పాలి. హిందూ ఉమ్మడి కుటుంబానికి యజమానిని న్యాయశాస్త్రంలో ‘కర్త’ అంటారు. ఈ కర్తకి ఒక విచిత్రమైన సౌకర్యం ఉంది. మోసం చేశాడనో సొంతానికి వాడుకున్నాడనో రుజువైతే తప్ప, జరిగిపోయిన ఏళ్లకి ఆయన లెక్క చెప్పనక్కర్లేదు. వాటా కోరినవాడికి ఆ రోజున మిగిలి ఉన్నదాంట్లోనే వాటా. ‘పదిహేనేళ్ల పంట డబ్బు ఏమైందన్నయ్యా’ అని తమ్ముడు అడిగితే చట్టం తమ్ముడి పక్కన నిలబడదు. పొదుపుగా ఉండి ఉండాల్సిందన్న షరతు కూడా కర్తకి లేదు. లెక్క చెప్పనక్కర్లేని మేనేజరున్న కంపెనీలో మీరైతే షేర్లు కొంటారా? మన పూర్వులు అందులో పుట్టేవారు, కొనుక్కునే అవకాశం కూడా లేదు.

ఇది కాక దేశంలో రెండు పద్ధతులుండేవి. బెంగాల్లో జీమూతవాహనుడి దాయభాగం. మనతో సహా దాదాపు మిగతా దేశమంతటా విజ్ఞానేశ్వరుడి మితాక్షర. మితాక్షరలో కొడుకు పుట్టడంతోనే పిత్రార్జితంలో హక్కుదారు. దాయభాగంలో తండ్రి బతికున్నంతకాలం కొడుకుకి ఏమీ లేదు, తండ్రి ఎవరికైనా రాసిచ్చుకోవచ్చు. ఈ ఒక్క తేడా నవలల్లోకి ఎలా దిగిందో చూడండి. 1878లో పుస్తకంగా వచ్చిన బంకించంద్రుడి ‘కృష్ణకాంతుని వీలునామా’లో ముసలి జమీందారు ఆస్తిని అణాల లెక్కన పంచుతాడు. తమ్ముడి కొడుకు గోవిందలాలుకి ఎనిమిదణాలు, సొంత కొడుకులిద్దరికీ చెరి మూడణాలు, భార్యకి ఒక అణా, కూతురికి ఒక అణా. కూడితే సరిగ్గా పదహారణాలు! (బంకిం డిప్యూటీ కలెక్టరు, కూడిక తప్పుతాడా.) పెద్ద కొడుక్కి కోపం రావడం, వీలునామా మారడం, దొంగ వీలునామా పుట్టడం, దాన్ని పెట్టెలో పెట్టడానికి రోహిణి అనే వితంతువు దిగడం, కథంతా ఇక్కణ్ణుంచే. మితాక్షర నేలమీద పిత్రార్జితం గురించి ఈ కథ పుట్టేదే కాదు, ఆ తండ్రికి అలా రాసే అధికారం ఉండేది కాదు కాబట్టి. బెంగాలీ నవలలో వితంతువులు అంతమంది ఎందుకుంటారన్నదానికీ కొంత జవాబు ఇక్కడే ఉందని నా అనుమానం. కొడుకులు లేని భర్త వాటా దాయభాగంలో భార్య జీవితకాలానికి ఆమె చేతికొస్తుంది. ఆస్తి చేతిలో ఉన్న ఒంటరి ఆడదాన్ని చూస్తే మరుదులకి భయం.

మలబారులో లెక్క ఇంకా సూటిగా మొదలవుతుంది. అక్కడి నాయర్ల ఉమ్మడి ఇల్లు, అంటే తరవాడు, తల్లి వైపు నుంచి నడుస్తుంది. ఆస్తి తరవాడుది, పెత్తనం పెద్ద మేనమామది. ఆయన్ని కారణవర్ అంటారు. సబ్‌జడ్జీగా పనిచేసిన చందు మేనోన్ 1889లో ‘ఇందులేఖ’ రాశాడు. ఆ నవల మొదట్లోనే గొడవ. దేనికి? ప్రేమకి కాదు. తరవాడులోని ఒక చిన్న కుర్రాణ్ణి మద్రాసు పంపి ఇంగ్లీషు చదివించడానికి కారణవర్ పంచు మేనోన్ డబ్బివ్వనంటాడు. మాధవన్ అనే చదువుకున్న కుర్రాడు ‘తరవాడు సొమ్ము తరవాడు పిల్లలకి ఎందుకివ్వరు’ అని ఎదురు తిరుగుతాడు. ముసలాయన మండిపడి, ఇందులేఖని మాధవన్‌కి ఇచ్చేది లేదని ఒట్టేసుకుంటాడు. అంటే మలయాళంలో అంత పేరున్న ప్రేమకథ ఒక చదువు ఖర్చు వోచరు తిరస్కరించడంతో మొదలైంది! మన మిత్రులకి ఇంకో సంగతి కూడా నచ్చుతుంది. ఆ నవల పద్దెనిమిదో అధ్యాయం మొత్తం నాస్తికత్వం మీదా, కాంగ్రెసు మీదా వాదోపవాదమే. బ్రాడ్లా పేరు కూడా అందులో వస్తుంది. కథకి అడ్డమని చాలామంది పేజీలు తిప్పేస్తారుట. నేను రెండుసార్లు చదివాను.

1891లో ప్రభుత్వం వేసిన మలబారు వివాహ కమిషన్లో చందు మేనోన్ కూడా సభ్యుడు. 1896లో చట్టం వచ్చింది గాని దాన్ని వాడుకున్నవాళ్లు చాలా తక్కువ. అసలు దెబ్బ 1933లో పడింది. ఆ ఏడు వచ్చిన మద్రాసు మరుమక్కత్తాయం చట్టం తరవాడుని పంచుకునే హక్కునిచ్చింది. దాంతోపాటు కారణవర్ సక్రమంగా జమాఖర్చులు రాయాలని, ఏటా కుటుంబ సభ్యులకి చూపించాలని కూడా చెప్పింది. నా దృష్టిలో రెండో షరతే మొదటిదానికంటే పెద్దది. 1976 డిసెంబరు 1 నుంచి కేరళలో ఉమ్మడి హిందూ కుటుంబమే చట్టరీత్యా రద్దయింది. పుట్టినందువల్ల ఉమ్మడి ఆస్తిలో హక్కు అనే మాటని ఆ చట్టం అక్కడ కొట్టేసింది.

ఈ 1933కీ 1976కీ మధ్య కాలం నుంచి వచ్చిన నవల ఎం.టి. వాసుదేవన్ నాయర్ ‘నాలుకెట్టు’ (1958). 2024 డిసెంబరులో ఆయన పోయినప్పుడు అందరూ మళ్లీ తల్చుకున్న పుస్తకం. తల్లి ఇష్టపడి పెళ్లి చేసుకుందని తరవాడు ఆమెని వెలేసింది. కొడుకు అప్పుణ్ణి ఆ ఇంట్లో చేరితే కారణవర్ బయటికి గెంటాడు. అప్పుణ్ణికి ఉద్యోగం చూపించింది ఎవరో తెలుసా? అతని తండ్రిని చంపాడని ఊరంతా చెప్పుకునే సెయ్‌దాలికుట్టి. అతని దయవల్ల వయనాడు తేయాకు తోటలో జీతం దొరుకుతుంది. ఏళ్ల తర్వాత డబ్బు కూడబెట్టుకొచ్చి, అప్పుల్లో ఉన్న ఆ నాలుకెట్టునే అప్పుణ్ణి కొంటాడు. తల్లిని తీసుకొస్తాడు. ఆ చీకటింట్లో ఆవిడ భయపడుతుంటే, దీన్ని పడగొట్టించి గాలీ వెలుతురూ వచ్చే చిన్న ఇల్లు కడదామంటాడు. ఇల్లు కూలింది ‘విలువలు’ పోయి కాదు. కూలకముందే తాకట్టులో ఉంది.

అప్పుణ్ణి చేతిలో ఉన్నది జీతం. ఉమ్మడి కుటుంబానికి నెల జీతమంత శత్రువు ఇంకోటి లేదు. పొలం దిగుబడి ఎవరి చేతికష్టం ఎంతో తేలదు, కుప్ప ఒకటే. జీతం మీద పేరు రాసి ఉంటుంది. కోర్టులకి ఇది పెద్ద తలనొప్పి అయింది. కుటుంబం డబ్బుతో చదువుకుని ఐ.సి.ఎస్. అయినవాడి సంపాదన కుటుంబానిదా, అతనిదా? గోకుల్‌చంద్ కేసులో 1921లో ప్రీవీ కౌన్సిలు, చదివించింది కుటుంబం కాబట్టి సంపాదనా ఉమ్మడిదే అంది. దేశంలో వకీళ్లు, ఉద్యోగస్తులు గొల్లుమన్నారు. 1930లో హిందూ విద్యార్జిత చట్టం వచ్చింది. చదివించింది ఎవరైనా సరే, చదువువల్ల వచ్చిన సంపాదన చదువుకున్నవాడిదే అని తేల్చింది.

ఇదంతా నేను ఆఫీసులో కళ్లారా చూశాను. జవాన్ల జీతంలోంచి కొంత ప్రతినెలా ఇంటికి పంపే ఏర్పాటుంది, ఫ్యామిలీ అలాట్‌మెంట్ అంటారు. భర్తీ అయినప్పుడు తండ్రి పేరు రాస్తాడు. పెళ్లయిన కొన్నాళ్లకి ఒక కాగితం వస్తుంది, తండ్రి పేరు కొట్టేసి భార్య పేరు రాయమని. ఆ తర్వాత నెలో రెండు నెలలో గడిచాక బీహారు నుంచో, మన శ్రీకాకుళం నుంచో ఇంకో ఉత్తరం వస్తుంది. తండ్రో, అన్నో పోస్టాఫీసు దగ్గర ఎవరిచేతో రాయించినది. ‘మావాడి బుద్ధి ఆ అమ్మాయి మార్చేసింది, డబ్బు పాత పేరుకే పంపగలరు.’ మేం ఒకటే జవాబు రాసేవాళ్లం: సిపాయి కోరిక ప్రకారమే చెల్లింపు. ఎన్ని ఉమ్మడి కుటుంబాలు ఆ ఫారం మీద విడిపోయాయో! ప్రతి ఉత్తరంలోనూ తప్పు కోడలిదే.

శరత్ ‘నిష్కృతి’ (1917) కూడా ఈ కంటితో చూడండి. పెద్దాయన గిరీశ్ బాగా సంపాదించే లాయరు, డబ్బు సంగతి పట్టదు. ఇనప్పెట్టె తాళాలు ఉండేది సంపాదన లేని రమేశ్ భార్య శైలజ దగ్గర. రెండో కోడలు నయనతార వచ్చి అనుమానపు విత్తనం నాటుతుంది. మనందరం ఆమెని తిట్టుకున్నాం. కాని ఆమె అడిగిన ప్రశ్న ఏమిటి? తాళాలు ఎవరి దగ్గరున్నాయి, డబ్బు ఎటు పోతోంది, అనేగా! ఆడిట్లో మొదటి ప్రశ్న అదే. ఆమె ఉద్దేశం మంచిది కాదు, ఒప్పుకుంటాను. కాని ఆ ఇల్లు నిలబడింది దేనిమీద? గిరీశ్ మతిమరుపు మీదా, శైలజ నిజాయితీ మీదా. చివర్లో గిరీశ్ ఊళ్లోని ఆస్తిని శైలజ పేర రాసిచ్చేసి వస్తాడు. శరత్ దీన్ని ప్రేమ విజయంలా చూపించాడు, మనసు కరుగుతుంది. కాని ఒక్కొక్కరి పేర ఆస్తి రాసివ్వడమంటే ఉమ్మడి అయిపోయినట్టే కదా. శరత్‌కి తెలిసే రాశాడనుకుంటాను.

కన్నడంలో ఎస్.ఎల్. భైరప్ప (2025లో పోయారు) ఆలోచనల్లో మనవాడు కాదు. నేను ఆయన అభిప్రాయాలు చాలావాటికి వ్యతిరేకిని. అయినా ‘వంశవృక్ష’ (1965)లో ఆయన చేసిన పని హేతువాదులు కూడా చేయలేదు. (మనవాళ్లకి బాపు సినిమాగా తెలుసు, 1980.) వంశశుద్ధి కోసం జీవితమంతా నిష్ఠగా గడిపిన శ్రీనివాస శ్రోత్రికి ముసలితనంలో పాత కాగితాల్లో నిజం తెలుస్తుంది. అన్నదమ్ముల ఆస్తి పగ కారణంగా, వాటా తమ్ముడికి పోకూడదని, తన ‘తండ్రి’ వేరొకరి ద్వారా తనని పుట్టించాడు. అంటే వంశమనే మహావృక్షం వేరు దగ్గర ఒక పంపకాల తగాదా ఉంది.

ఆయనదే ‘గృహభంగ’ (1970) నాకు ఇంకా ఇష్టం, కారణం స్వార్థమే. అందులో నాయిక లెక్కలు రాస్తుంది. భర్త చెన్నిగరాయుడు ఊరి శానుభోగు, అంటే మన కరణం. పదవి మగవాళ్లకి వంశపారంపర్యంగా వచ్చింది, రాయడం మాత్రం రాలేదు. ఖాతా పుస్తకాలు గీతలు గీసి, అంకెలు వేసి, కూడి, అప్పగించేది భార్య నంజమ్మ. సంతకమూ జీతమూ ఆయనవి. ఇంటి పెత్తనం నోటికి అడ్డులేని అత్త గంగమ్మది, పొలం తాకట్టులో పోతుంది. ఊరి భూములన్నిటి లెక్కా సరిగ్గా రాయగలిగిన మనిషికి సొంత ఇంటి లెక్క అడిగే హక్కు లేదు. ఆ తర్వాత ప్లేగు పిల్లల్ని తీసుకుపోతుంది, చివరికి ఆమెనీ. ఇంటిని కూల్చిన కోడళ్ల పట్టికలో నంజమ్మని ఎక్కడ వెయ్యాలో మా పెద్దాయన్ని అడగాలి. మన రాష్ట్రంలో కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఆ కరణాలిళ్లలో ఎందరు నంజమ్మలుండేవారో ఏ రికార్డులోనూ దొరకదు.

బెంగాలీలో ఆశాపూర్ణాదేవి ‘సువర్ణలత’ (1967)లో కోడలు కొత్తింట్లో ఒక వరండా కావాలని కోరుతుంది. బయటి ప్రపంచం కాస్త కనిపించే చోటు, అంతే. సరేనన్న భర్త మోసం చేస్తాడు. నాలుకెట్టు కూల్చి అప్పుణ్ణి కోరిందీ గాలీ వెలుతురే. వేర్వేరు భాషల్లో ఇద్దరికీ ఊపిరి ఆడకపోవడం చూశాక, ఆ ఇళ్లలో అందరూ సుఖంగా ఉన్నారనడం కష్టం.

మన తెలుగులో ఇదే కాలానికి రెండు దారులు కనిపిస్తాయి. విశ్వనాథ ‘వేయిపడగలు’ (1934) పాత వ్యవస్థ పడగలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయని దుఃఖపడింది. త్రిపురనేని రామస్వామిచౌదరిగారి అబ్బాయి గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో, వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చెప్పిన ఒక్క మాట నెత్తిన పెట్టుకున్న సీతారామారావు ఆ ప్రతిష్ఠ కోసమే ఆస్తంతా పంచిపెట్టేసి చివరికి తనని తానే నాశనం చేసుకుంటాడు. మొదటిది భాషాపరంగా ఎంత గొప్పదైనా, అందులో ఖర్చు పద్దు నాకు కనిపించదు. రెండోదాంట్లో ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట. ఈ కథలన్నీ భూమి ఉన్న ఇళ్లవే. కలిసి ఉండటానికి ఉమ్మడిగా ఏదో ఉండాలి. కూలికి వెళ్లేవాడి కొడుకు పెళ్లయ్యాక పక్కన గుడిసె వేసుకునేవాడు, ఎవరూ నవల రాయలేదు. సామాజిక శాస్త్రవేత్త ఎ.ఎం. షా 1973 నాటి పుస్తకంలో, పూర్వం అందరూ ఉమ్మడిగా ఉండేవారు, ఇప్పుడు విడిపోయారు అనే సూత్రాన్ని గట్టిగా ప్రశ్నించాడు. చిన్న కుటుంబాలు ఎప్పుడూ ఉన్నాయనీ, శాస్త్రగ్రంథాల్లో ఉన్నదాన్ని ఊళ్లో ఉన్నదనుకోవడం పొరపాటనీ ఆయన వాదన. ఆదాయపు పన్ను చట్టంలో మాత్రం హిందూ అవిభక్త కుటుంబం ఇవాళ్టికీ ఒక పాన్ కార్డుతో నిక్షేపంగా బతికే ఉంది. వంట వేరైనా పన్ను తగ్గుతుందంటే కలిసే ఉంటాం.

చివరగా మా ఇంటి సంగతి. మా నాన్నా పెదనాన్నా 1964లో విడిపోయారు. ‘నీ చదువుకి ఉమ్మడి సొమ్ము ఖర్చయింది, నీ జీతంలోంచి ఇల్లు బాగు చేయించాలి’ అని పెదనాన్న. ‘1930 చట్టం ప్రకారం నా జీతం నాది, నువ్వు తిన్న పంట డబ్బుకి లెక్క చెప్పు’ అని నాన్న. ‘పెద్దవాణ్ణి లెక్కడుగుతావా?’ అని ఆయన. అంతే, ఇద్దరూ పోయేదాకా మాటల్లేవు. మూడేళ్ల క్రితం పెదనాన్నగారబ్బాయి పాత ఇల్లు పడగొట్టిస్తూ, అటకమీద దొరికిన పుస్తకాల మూట నాకు పంపాడు, ‘నీకే పనికొస్తాయి అన్నయ్యా’ అని. పదహారేళ్ల జమాఖర్చులు. నాలుగు రోజులు కూచుని ఆడిట్ చేశాను. పెదనాన్న తినలేదు. పదహారేళ్లకీ కలిపి లెక్క తేలనిది రూ. 212. మా ఇంట్లో నలభై ఏళ్లు ఆయన్ని దొంగ అన్నాం.

1948 జూన్ పేజీలో ఒక జమ ఉంది. ‘చెల్లి నగలు అమ్మగా రూ. 640.’ దాని కిందే ఖర్చు: ‘తమ్ముడి కాకినాడ చదువు, ఫీజు, హోటలు.’ ఆ చెల్లి మా మేనత్త. శారదా చట్టం వచ్చాక కూడా పదకొండో ఏట పెళ్లి చేశారు, పదమూడో ఏట భర్త పోతే పుట్టింటికి తెచ్చుకున్నారు. నగలు స్త్రీధనం. ఏ శాస్త్రం ప్రకారమైనా ఆమె సొంతం. నాన్న చదివింది ఉమ్మడి సొమ్ముతో కాదు. అన్నదమ్ములిద్దరి వాదనా తప్పే.

పంపకాల దస్తావేజు కూడా మూటలోనే ఉంది. అందులో ఆమె గురించి ఒక వాక్యం: అన్నదమ్ములిద్దరూ ఏడాదికి ఆరేసి నెలలు భోజనం, బట్టలు ఇచ్చి చూసుకోవాలి. ఆమె ఉగాదికి మా ఇంటికొచ్చి దసరాకి పెదనాన్న ఇంటికి వెళ్లేది. వాళ్లకి మాటల్లేవు కాబట్టి దింపడానికి ఎవరూ వెళ్లేవారు కాదు. రేకు పెట్టె పట్టుకుని బస్సులో ఒక్కతే వెళ్లేది. నాకు లెక్కల్లో ఎక్కాలు నేర్పింది ఆవిడే. పదహారేళ్ల పుస్తకాలూ తిరగేశాను. ఆ రూ. 640 జమకి ఎదురుగా చెల్లింపు పద్దు ఎక్కడా లేదు.